బాత్రూమ్ దగ్గర ఎవరు నిలబడాలి?

దివ్యాంగ పిల్లలకు ఆటలు నేర్పే సంఘాలు చాలావాటిలో పిల్లల భద్రత అంటే గేటు దగ్గర రిజిస్టరు, గ్రౌండ్‌లో సీసీ కెమెరా. అసలు ప్రమాదం, అంటే లైంగిక వేధింపు, కెమెరా పెట్టకూడని చోట ఉంటుంది. బాత్రూమ్‌లో, బట్టలు మార్చుకునే గదిలో, అందరూ దిగిపోయి ఒక్క పిల్ల మిగిలిన వ్యానులో.

బడుల్లో చెప్పే 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' పాఠం ఈ పిల్లలకు ఉన్నదున్నట్టు పనికిరాదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లను అమ్మ, నాయనమ్మ, ఫిజియోథెరపిస్టు, ఆయా, అందరూ ఎత్తుతారు, కడుగుతారు. 'అక్కడ ఎవరూ ముట్టుకోకూడదు' అంటే ఆ పిల్లకు రోజూ జరిగేదానికి, మనం చెప్పేదానికి పొంతనే ఉండదు. ఎవరు ముట్టుకోవచ్చు, ఏ పనికి, ముందు ఏమని చెప్పి అన్నది నేర్పాలి.

అందుకు పిల్లను చేర్చుకున్న రోజే ఒక పేజీ రాసుకోవాలి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతమో ఉంటుంది, బాత్రూమ్‌లో ఏ సాయం కావాలో ఉండదు. ప్యాంటు తనే విప్పుకోగలదా? వీల్‌చైర్ నుంచి కమోడ్ మీదికి మార్చడానికి ఒకరు చాలా, ఇద్దరు కావాలా? డైపరా, క్యాథెటరా (మూత్రం గొట్టం)? సాయం చేసే ఇద్దరు ఎవరు, వాళ్లు రాకపోతే ఎవరు? ఆడపిల్లకు ఆడవాళ్లే. తల్లిదండ్రులు సంతకం చేయాలి, పిల్లనూ అడగాలి. ఆ పేజీలో పేరు లేనివాళ్లు, ఎంత మంచి వాలంటీరైనా, లోపలికి వెళ్లరు.

'ఎప్పుడూ ఇద్దరు ఉండాలి' అన్న నియమాన్ని ఇక్కడ గుడ్డిగా పెడితే పిల్ల ఒళ్లు ఇద్దరి ముందు బయటపడుతుంది. ఒకరు లోపల, ఇంకొకరు మాట వినిపించే దూరంలో బయట, తలుపు గడియ పెట్టకుండా దగ్గరికి వేసి. ఇది సరిపోతుంది. లోపలివాళ్లు ప్రతి పనికీ ముందు చెప్పాలి: 'ఇప్పుడు నడుము పట్టుకుంటాను.' పిల్ల చేయగలిగింది పిల్లే చేయాలి. ఆలస్యమవుతోందని మనం చేసేస్తేనే అక్కర్లేని తాకుడు మొదలవుతుంది. చివర రిజిస్టర్లో టైము, సాయం చేసినవారి పేరు, కొత్తగా కనిపించిన కమిలిన మచ్చ ఏదైనా ఉంటే అది.

వ్యాను సంగతి తేలికే, అయినా ఎవరూ పట్టించుకోరు. మాట రాని పిల్లను ఆఖరున దింపకూడదు. ఆఖరి పిల్ల దిగేదాకా అటెండరు వ్యాను దిగకూడదు.

మాట రాని పిల్లలు వాడే బొమ్మల చార్టులు చూడండి. ఇడ్లీ ఉంటుంది, నీళ్లు ఉంటాయి, బంతి ఉంటుంది. 'వద్దు', 'నొప్పి', ఒంట్లో ప్రతి భాగం, అక్కడ పనిచేసే ప్రతి మనిషి ఫొటో కూడా ఉండాలి. లేకపోతే ఆ పిల్ల ఫిర్యాదు చేయడానికి దారే లేదు. ఉన్నట్టుండి వ్యాను ఎక్కనని మొండికేస్తే, ఒకరిని చూడగానే బిగుసుకుపోతే, 'వాడి జబ్బే అంత' అని కొట్టిపారేయడం మనం చేసే పెద్ద తప్పు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం పోక్సో. దాని 2020 నియమాలు స్పోర్ట్స్ అకాడమీలను పేరు పెట్టి మరీ చెప్పాయి. పిల్లలతో పనిచేసే సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ ఉండాలి. అయితే అది కేసు నమోదైన వాళ్లనే పట్టిస్తుంది. ఇంతకుముందు పనిచేసిన రెండు చోట్లకు ఫోన్ చేసి 'మళ్లీ తీసుకుంటారా?' అని అడగండి. జవాబు కంటే ముందు వచ్చే మౌనాన్ని వినండి.

పిల్ల ఏదైనా చెబితే, తన మాటల్లోనే, తన సైగల్లోనే రాసుకోండి. 'ఫలానా అన్న చేశాడా?' అని అందించి అడగొద్దు. పదే పదే చెప్పించొద్దు. స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు. వాటిని ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పాడవుతాయి, కాగితం సంచీలో పెట్టండి. కోచ్‌ను పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ చేయొద్దు. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ, పోలీస్ స్టేషన్‌కు గానీ చెప్పాలి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ చెప్పి తీరాలి. కింది ఉద్యోగి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాస్తే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. పిల్ల వాంగ్మూలం తీసుకునేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్ (దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే టీచరు) సాయం అడగండి, చట్టంలో ఆ వీలుంది. ఆసుపత్రిలో అత్యవసర వైద్యానికి ఎఫ్‌ఐఆర్ కావాలని ఆపకూడదు.

పిల్లలుగా చూస్తాం గానీ మన క్రీడాకారుల్లో చాలామంది 18 దాటినవాళ్లు. మానసిక వయసు ఆరేళ్లే అయినా వాళ్లకు పోక్సో వర్తించదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్ల విషయంలో మామూలు క్రిమినల్ చట్టంతో పాటు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. దాని 7వ సెక్షన్ కింద ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు చెప్పొచ్చు, మండలంలో అంటే తహసీల్దారుకు. బాత్రూమ్ పేజీ మాత్రం వాళ్లకూ అదే.