అకాడియా వెళ్తున్నారా? సాఫ్ట్ షెల్ లాబ్‌స్టర్ అడగండి

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న అకాడియా నేషనల్ పార్క్‌కి వెళ్తున్నామని ఎవరైనా అంటే అందరూ కాడిలాక్ కొండ మీద సూర్యోదయం గురించి చెబుతారు, నేను మాత్రం తిండి గురించే చెబుతాను. సూర్యోదయానికి తెల్లవారకముందే లేవాలి, సీజన్‌లో కారు పైకి తీసుకెళ్లాలంటే 2021 నుంచి ముందే రిజర్వేషన్ కూడా ఉండాలి, ఇంతా చేసి వెళ్తే మబ్బు పట్టిందా, అంతే సంగతులు. లాబ్‌స్టర్‌తో (పెద్ద డెక్కలుండే సముద్రపు రొయ్యలాంటిది) ఈ టెన్షన్ లేదు.

మేం ఎప్పుడూ ఆగేది పార్క్‌లో ఎక్కువ భాగం ఉన్న మౌంట్ డెసర్ట్ ద్వీపంలోకి వెళ్లే వంతెనకి ఇవతల, ట్రెంటన్‌లో. రెస్టారెంట్ అనడం కొంచెం ఎక్కువే, ఇలాంటివాటిని అక్కడ లాబ్‌స్టర్ పౌండ్ అంటారు. బయట కట్టెల పొయ్యిలు, వాటి మీద పెద్ద డేగిసాల్లో సలసల మరిగే సముద్రపు నీళ్లు. తొట్టిలోంచి మనకి కావలసినదాన్ని తూకం వేసి, వల సంచిలో పెట్టి నీళ్లలో దించుతారు. మసాలా ఊసే లేదు, ఉప్పంతా ఆ నీళ్లదే. ముదురు ఆకుపచ్చగా లోపలికి వెళ్లింది ఎర్రగా బయటికొస్తుంది. ఆ ఎరుపు పెంకులో ముందునుంచీ ఉన్నదే, ఒక ప్రోటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది, వేడికి ఆ పట్టు వదులుతుంది.

ఇక అసలు సంగతి, హార్డ్ షెల్లా, సాఫ్ట్ షెల్లా? వేసవిలో లాబ్‌స్టర్ పాత పెంకు విడిచేసి ఇంకొంచెం పెద్దది తొడుక్కుంటుంది, కండ ఇంకా దాన్ని నింపదు కాబట్టి మిగతా చోటంతా నీళ్లే. ఇలా కొత్త పెంకు ఇంకా మెత్తగా ఉన్నదే సాఫ్ట్ షెల్, పెంకు గట్టిపడ్డది హార్డ్ షెల్. సాఫ్ట్ షెల్‌లో పౌండు బరువుకి కండ తక్కువ, ధరా తక్కువ. లెక్కలు వేసేవాళ్లు హార్డ్ షెల్ వైపు పోతారు, నా ఓటు మాత్రం సాఫ్ట్ షెల్‌కే. కండ తియ్యగా ఉంటుంది, పట్టకారుతో కుస్తీ అక్కర్లేదు. కాకపోతే డెక్క విరిచీ విరవగానే వేడి నీళ్లు చొక్కా మీదికి చిమ్ముతాయి, మెడకి ప్లాస్టిక్ గుడ్డ కట్టుకోమన్నప్పుడు సిగ్గుపడకుండా కట్టేసుకోండి.

లోపల ఆకుపచ్చ ముద్ద ఒకటి ఉంటుంది. పీత కొవ్వులాంటిదే కదా అని మనవాళ్లు ముందు దాని మీదే పడతారు. వద్దు. సముద్రంలోని విషపదార్థాలు చేరేది అక్కడే, తినొద్దని మెయిన్ రాష్ట్ర ప్రభుత్వమే చెబుతోంది.

మరీ పెద్దది కావాలని పట్టుబట్టకండి, అక్కడ దొరకదు. కంటిగుంట నుంచి వీపు పెంకు చివరిదాకా 3.25 అంగుళాలకి తగ్గినా, 5 అంగుళాలు దాటినా మెయిన్‌లో సముద్రంలోకే వదిలేయాలి. గుడ్లున్న ఆడదైతే తోకకి చిన్న గాటు పెట్టి మరీ వదులుతారు, మళ్లీ ఎవరి బోనుకి చిక్కినా, గుడ్లు లేకపోయినా, ఆ గాటు చూసి వదిలేయాల్సిందే. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది.

జూన్‌లో వెళ్తే ఎక్కువగా హార్డ్ షెల్లే ఉంటుంది, సాఫ్ట్ షెల్ కావాలంటే జులై చివర్లోనో ఆగస్టులోనో పెట్టుకోండి. ఆగస్టు అయితే అక్కడి అడవి బ్లూబెర్రీలు కూడా వచ్చేస్తాయి, కడుపులో చోటుంటే వాటితో చేసిన బ్లూబెర్రీ పై (pie) ఒక ముక్క ఆర్డర్ చెయ్యండి.