షట్‌డౌన్‌కి ఒకటిన్నర నిమిషం: దొంగ ఎవరో దొరికాడు

శుక్రవారం రాత్రి. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 అనే లినక్స్ వేసి ఇంటి ఫొటోలన్నీ అందులో దాస్తున్నాను. ఆఫ్ చేస్తే చాలు, లోగో అలా కదలకుండా కూర్చుంటుంది. ఇన్నాళ్లూ విసుగొచ్చి పవర్ బటన్ నొక్కిపట్టేవాణ్ణి, డిస్కుకి మంచిది కాదని తెలిసి కూడా. ఇవాళ ఎస్కేప్ కొట్టి చూస్తే లోగో వెనక నుంచి "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అనే లైను, పక్కనే పరుగెడుతున్న సెకన్లు, పరిమితి 1 నిమిషం 30 సెకన్లు. అప్పటికే 80 దాటింది. పేరు చదివేలోపు స్క్రీన్ నల్లబడింది.

శనివారం. ఈటీసీ, డీఫాల్ట్ ఫోల్డర్లలో ఉన్న గ్రబ్ (మెషీన్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్ తెరిచి "క్వయట్ స్ప్లాష్" రెండూ తీసేసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాను. ఇక మెసేజ్‌లు లోగో చాటున దాక్కోవు. అయినా పరుగెత్తే లైన్ల వెంట కళ్లు తిప్పడం కన్నా, మళ్లీ ఆన్ చేశాక సుడోతో (అడ్మిన్ హక్కులతో) జర్నల్‌సీటీఎల్ అనే, సిస్టమ్ లాగ్ చూపే కమాండ్‌కి మైనస్ బి, మైనస్ 1, మైనస్ ఇ ఇస్తే సుఖం. కిందటి బూట్ లాగ్ నేరుగా చివర్లో తెరుచుకుంటుంది. వార్, లాగ్ కింద జర్నల్ అనే ఫోల్డర్ ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే లాగ్ ర్యామ్‌లోనే ఉండి రీబూట్‌తో పోతుంది. నాకు ఉంది. "స్టాప్-సిగ్‌టర్మ్ టైమ్డ్ అవుట్, కిల్లింగ్" అన్న లైనూ ఉంది, అంటే ఆగమన్నా గడువులోపు ఆగలేదని చంపేశారన్నమాట. దాని ముందున్న సర్వీస్ పేరు? నేనే రాసిన ఫొటో కాపీ పైథాన్ స్క్రిప్ట్!

ఆదివారం. ఆగమని సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్ (హ్యాండ్లర్) ఒక ఫ్లాగ్, అంటే ఆగాలనే గుర్తు, మార్చేలా రాశాను, అంతవరకూ బాగానే ఉంది, కానీ లూప్‌లో 600 సెకన్ల స్లీప్ పెట్టాను. పైథాన్ 3.5 నుంచి, హ్యాండ్లర్ ఎక్సెప్షన్ ఏదీ లేపకపోతే, స్లీప్ మధ్యలో సిగ్నల్ వచ్చినా మిగిలిన సమయం పూర్తిగా నిద్రపోయే లేస్తుంది. సర్వీసులను నడిపి ఆపే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఓపిక పట్టి చంపేస్తోంది. అప్పుడప్పుడు 20 సెకన్లకే ఎందుకు ఆగేదో కూడా ఇప్పుడు అర్థమైంది, నిద్ర చివర్లో దొరికేదన్నమాట. స్లీప్ బదులు థ్రెడింగ్ ఈవెంట్ మీద వెయిట్ పెట్టి, హ్యాండ్లర్‌లో సెట్ పిలిచాను, సెట్ కాగానే వెయిట్ వెంటనే లేస్తుంది. ఇప్పుడు 4 సెకన్లు.

సిస్టమ్‌డీ టైమౌట్‌ని 90 నుంచి 10 సెకన్లకి తగ్గించేస్తే సరిపోయేదిగా అంటారు చాలామంది. నాకు నచ్చదు, రేపు ఇదే మెషీన్‌లో డేటాబేస్ పెడితే అది రాసుకుంటుండగా దాని పీక నొక్కినట్టే.

ఇంకోటి మిగిలింది. డిస్కులు అన్‌మౌంట్ అయ్యే చివరి క్షణాల్లో జర్నల్ కూడా మూతపడుతుంది కాబట్టి ఆ మెసేజ్‌లు దీనిలో దొరకవు. సిస్టమ్‌డీ చివర్లో నడిపే స్క్రిప్టులుండే సిస్టమ్-షట్‌డౌన్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టి డీమెసేజ్ (లినక్స్ కెర్నల్ మెసేజ్‌లు చూపే కమాండ్) అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించాలి. వచ్చే శనివారం.