షిఫ్టు ఈజీగా వచ్చిందని సంబరపడకండి: సీజీఎల్ నార్మలైజేషన్‌తో నా అనుభవం

ఎస్సెస్సీ సీజీఎల్ (డిగ్రీ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే పరీక్ష) టైర్-1, అంటే మొదటి దశ, రాసి గేటు దాటగానే అందరి నోటా ఒకటే మాట: "మీ షిఫ్టు ఈజీనా, టఫ్ఫా?" టెలిగ్రామ్ పోల్స్‌లో చూస్తే ఎవరి షిఫ్టు వాళ్లకి టఫ్ఫే. ఆ పోల్స్ జోలికి నేను వెళ్లడం మానేశాను.

షిఫ్టుకో పేపరు కాబట్టి, కష్టంలో తేడా సరిచేయడానికి మార్కులు సర్దుతారు; అదే నార్మలైజేషన్. ఇదివరకు ప్రతి షిఫ్టులో టాప్ 0.1 శాతం మంది సగటు, మొత్తం షిఫ్టు సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) పట్టుకుని మార్కులు సర్దేవారు. ఇంజినీరింగ్ ఎంసెట్ రాసినవాళ్లకి ఇది తెలిసిన బాపతే. 2025లో ఎస్సెస్సీ ఈక్విపర్సంటైల్‌కి, అంటే షిఫ్టులో మీ స్థానాన్ని బట్టి పోల్చే పద్ధతికి, మారింది. ఉదాహరణకి, మీ షిఫ్టులో 130 మార్కుల దగ్గర నూటికి 95 మంది మీకన్నా కింద ఉన్నారు, ఇంకో షిఫ్టులో అదే స్థానం 146 దగ్గర వచ్చింది అనుకోండి. ఇద్దరూ సమానమే.

వినడానికి బాగానే ఉంది. కానీ రెండు షిఫ్టుల్లోనూ ఒకే స్థాయి వాళ్లు కూర్చున్నారన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నిలబడింది. కొన్ని ప్రశ్నలు అన్ని పేపర్లలోనూ ఉమ్మడిగా పెట్టి పోల్చే పద్ధతి ఒకటుంది గానీ, మన దగ్గర కష్టం. పొద్దున షిఫ్టు ప్రశ్నలు మధ్యాహ్నానికల్లా యూట్యూబ్‌లో ఉంటాయి మరి! ఉత్తరప్రదేశ్‌లో పీసీఎస్ (ఆ రాష్ట్ర సివిల్ సర్వీసెస్) ప్రిలిమ్స్‌కి నార్మలైజేషన్ వద్దని 2024 నవంబరులో ప్రయాగ్‌రాజ్‌లో అభ్యర్థులు రోడ్డెక్కితే, కమిషన్ దిగొచ్చి ఒకే రోజు పరీక్షకి ఒప్పుకుంది. అభ్యర్థులు లక్షల్లో ఉంటే అన్నిచోట్లా అది కుదరదు.

మన చేతిలో ఉన్నదల్లా మన షిఫ్టులో మన స్థానం. నా మటుకు నాకు ఈజీ షిఫ్టంటేనే భయం. మార్కులన్నీ పైన ఒకేచోట గుమిగూడతాయి. "సరైనది కాని వాక్యం ఏది" అన్న ప్రశ్నలో ఆ "కాని" చూసుకోకుండా క్లిక్ చేస్తే వచ్చే 2 పోయి, ఇంకో అర పోతుంది. ఆ రెండున్నర మార్కుల సందులో ఎంతమంది దూరిపోతారో! అందుకే ఈజీ అనిపిస్తే కొత్త ప్రశ్నలకి ఎగబడకుండా చేసినవి మళ్లీ చూసుకుంటాను. టఫ్‌గా ఉంటే మాత్రం సాగదీసే డీఐ (పట్టికలు, గ్రాఫులు చూసి లెక్కలు చేసే) సెట్‌ని మొహమాటం లేకుండా వదిలేస్తాను, మిగతావాళ్లూ అక్కడే ఇరుక్కుంటారు కాబట్టి.

ఆల్ ఇండియా మాక్ టెస్టుల్లో వచ్చే పర్సంటైల్‌ని (నూటికి ఎంతమంది మీకన్నా కింద ఉన్నారన్న లెక్కని) కూడా మరీ నమ్మకండి. పేపరు రెండు మూడు రోజులు తెరిచి ఉంటే, చివర్లో రాసేవాళ్లలో కొందరు ప్రశ్నలు చూసేసే వస్తారు. తెరిచిన మొదటి గంటల్లోనే రాయండి.