అలుగు రాయి, ఐదో బంతి

“ఐదో బంతిని లోపలికి జరిపేది అర మీటరే కదా మేడమ్, అడ్జస్ట్ చేసుకోవచ్చు” అన్నాను.

ఆమె చేతిలోని కాఫీ కప్పు గడ్డి మీద పెట్టి నా దగ్గరికి నడిచి వచ్చింది. “ఇక్కడ నేర్చుకునే పిల్లలు తమ స్కోరు తీసుకుని ఇంకో ఊరికి, ఇంకో దేశానికి పోతారు. అక్కడి వాళ్ళతో పోటీ పడతారు. నువ్వు అర మీటరు తగ్గిస్తే వాళ్ళందరి చేతా అబద్ధం చెప్పించినట్టే. నా గట్టు మీద ఆ మాట మళ్ళీ అనొద్దు” అంది. గొంతు పెంచలేదు. పక్కనున్న మా వాళ్ళెవరూ నోరెత్తలేదు.

ఇది మొన్న మార్చిలో, టెక్సాస్‌లో హ్యూస్టన్‌కు గంటన్నర దూరంలో ఒక చిన్న చెరువు దగ్గర జరిగింది. ఇప్పుడు లీవులో పోరుమామిళ్ల పక్కన మా ఊరికి వచ్చాను. చెరువు కట్ట మీద వేపచెట్టు నీడలో కూర్చుని రాస్తున్నాను. మూడు నెలలైనా ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

నా పని సర్వే. సివిల్ డిప్లొమా చేసి, మా కడప జిల్లాలో ఎంతోమంది లాగే ముందు కువైట్ పోయాను. ఆరేళ్ళు ఎడారిలో రోడ్లకు లెవెల్స్ తీశాను. తర్వాత టెక్సాస్. అక్కడ ఇళ్ళ స్థలాలకు హద్దులు, డ్రైనేజీ లైన్లు, ఇవే రోజూ ఉండే పనులు. నీళ్ళ మీద గీత గీయమని అంతకు ముందు నన్నెవరూ అడగలేదు.

ఆ చెరువు ఆమె సొంతం. వయసు డెబ్బైకి దగ్గర, ఇంకా వారానికి నాలుగు రోజులు నీళ్ళ మీద స్కీయింగ్ చేస్తుంది. 1922లో మిన్నెసోటాలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రెండు పలకలు కాళ్ళకు కట్టుకుని, పడవ లాగుతుంటే నీళ్ళ మీద నిలబడ్డాడు. ఆ ఆట అక్కడ మొదలైందని ఆమే చెప్పింది. దాంట్లో స్లాలమ్ అనే పోటీ కోసం కోర్సు వేయాలి. అంటే నీళ్ళలో తేలే బంతుల వరసలు. పడవ నడి గీత మీద నేరుగా పోతుంది. వెనక తాడు పట్టుకున్న మనిషి ఒకే పలక మీద నిలబడి ఈ పక్కకూ ఆ పక్కకూ కోసుకుంటూ ఆరు బంతులను బయటి నుంచి చుట్టి రావాలి.

కొలతలు మొత్తం ప్రపంచానికి ఒకటే. లోపలికి వచ్చే గేటు నుంచి బయటికి పోయే గేటు దాకా 259 మీటర్లు. గేటు నుంచి మొదటి బంతికి 27, ఆ తర్వాత బంతికీ బంతికీ నడుమ 41, చివర మళ్ళీ 27. ఆరు బంతుల్లో ప్రతి ఒక్కటీ నడి గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉండాలి. పడవ పోయే దారికి జతలు జతలుగా వేరే బంతులుంటాయి, వాటి నడుమ సందు 2.3 మీటర్లే. మగవాళ్ళ పోటీలో పడవ గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు. ఆ లెక్కన గేటు నుంచి గేటుకు పదహారు సెకన్లు.

ఆరు బంతులూ చుట్టి, నిర్ణయించిన వేగానికి చేరాక ఇక తాడు తగ్గిస్తూ పోతారు. 18.25 మీటర్ల దగ్గర మొదలై 16, 14.25, 13, 12, ఆ తర్వాత 11.25. ఇక్కడికొచ్చేసరికి నడి గీత నుంచి బంతి ఉన్న దూరం కన్నా తాడే పొట్టిదైపోతుంది. ఆ తక్కువైన పాతిక సెంటీమీటర్లను మనిషి చెయ్యి చాచి, ఒళ్ళంతా నీళ్ళ మీదికి వాల్చి పూడ్చుకోవాలి. నేను జరపమన్న అర మీటరుకు బంతి 11 మీటర్ల దగ్గరికి వస్తుంది. అంటే 11.25 తాడు మళ్ళీ బంతి కన్నా పొడుగైపోతుంది. ఏళ్ళ తరబడి నేర్చుకున్న ఆ వాలు అవసరం తగ్గిపోతుంది. ఈ లెక్క నాకు ఆ రాత్రి రూముకు పోయి కాగితం మీద వేసుకుంటే తెలిసింది. ఆమె తిట్టడం న్యాయమే. అది ఒప్పుకున్నాను.

కానీ అడ్జస్ట్ అనే మాటను తప్పుపట్టడం మాత్రం ఒప్పుకోలేకపోయాను. బద్వేలు బస్సులో ముగ్గురి సీటులో నాలుగో మనిషిని కూర్చోబెట్టేది ఆ మాటే. పెళ్ళింట్లో పది చాపల మీద ఇరవై మంది పడుకునేది ఆ మాట మీదే. కువైట్‌లో ఒకే రూములో తొమ్మిది మంది ఆరేళ్ళు గొడవ పడకుండా బతికామంటే కారణం అదే. కరువు చూసినవాళ్ళకు అడ్జస్ట్ అంటే నిర్లక్ష్యం కాదని, ఉన్నది పది మందికీ అందించడమని ఆమెకు చెప్పాలనిపించింది. ఆమె చెరువు నీళ్ళు ఎవరూ తాగరు, ఒక్క సెంటు పొలం కూడా పారదు. నీళ్ళకు కొదవ లేని చోట సెంటీమీటర్లు లెక్కపెట్టుకునే తీరిక ఎవరికైనా ఉంటుంది. ఇలా వారం రోజులు లోపల్లోపల వాదించుకున్నాను. పైకి మాత్రం ఒక్క మాట అనలేదు.

పని మాత్రం ఆపలేదు. ఆ చెరువు నిజానికి రోడ్డు కోసం మట్టి తవ్వుకున్న గుంత. పొడవు 620 మీటర్లు, ఆకారం మన రెండు గింజల చెనిక్కాయ లాగా నడుమ నొక్కినట్టుంటుంది. కోర్సు 259 అయినా గేట్లకు 55 మీటర్ల ముందు రెండు చివర్లా ఇంకో జత బంతులుంటాయి. అవి కలిపితే 369. పడవ వేగం అందుకోవడానికి, తిరగడానికి మిగిలిన 250 మీటర్లనే రెండు పక్కలా పంచుకోవాలి. పైగా ఆ నడుము దగ్గరే, సరిగ్గా ఐదో బంతి పక్కన గట్టు లోపలికి పొడుచుకొచ్చింది. ఆ వేగంలో తాడు జారితే మనిషి పోయి గట్టుకు కొట్టుకుంటాడు. నేను బంతి జరపమన్నది అందుకే.

బంతి జరగదని తేలాక మిగిలినవన్నీ జరపడం మొదలుపెట్టాను. నడి బిందువు కదలకుండా కోర్సును ఒక్క డిగ్రీ తిప్పితే ఒక్కో చివర రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. రెండు డిగ్రీలు తిప్పితే నాలుగున్నర. ఒక చివర గట్టుకు దూరమైతే ఇంకో చివర దగ్గరవుతుంది. మూడు రోజులు టోటల్ స్టేషన్, అంటే దూరాలూ కోణాలూ కొలిచే యంత్రం, గట్టున పెట్టి, పడవలో ఒకడు ప్రిజం కర్ర పట్టుకుంటే గట్టంతా, అడుగంతా కొలిచాను. నీళ్ళ మీద పడవ ఒక్క క్షణం కుదురుగా ఉండదు. గాలి లేని తెల్లవారు జామున తీసిన రీడింగులే పనికొచ్చాయి. అప్పుడు బయటపడింది, మూడో బంతి దగ్గర నీళ్ళ కింద ఒక మిట్ట ఉంది. తవ్వినప్పుడు వదిలేసిన మట్టి. దాని మీద నీళ్ళు మీటరు కూడా లేవు.

ఆ మిట్ట చూసినప్పుడు నాకు మా పోరుమామిళ్ల చెరువు శాసనం గుర్తొచ్చింది. 1369లో, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర ఆ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని శాసనంలో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీళ్ళు ఊరడం ఒక దోషం. చవిటి నేల ఒకటి. నీళ్ళు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం ఒకటి, నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం ఇంకొకటి. చెరువు నడుమ తాబేలు వీపు లాంటి మిట్ట ఉండడమూ దోషమే, దానికి కూర్మం అని పేరు. ఈ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెకు చెప్పాను. గొప్ప కోసం చెప్పానని ఒప్పుకుంటాను. మాకూ కొలతలు తెలుసని ఆమెకు తెలియాలి, అంతే. ఆమె ఆరు దోషాలనూ రెండుసార్లు చెప్పించుకుని చీటీ మీద రాసుకుంది. తర్వాత, “మరి ఇంత తెలిసినవాడివి ఆ బంతి ఎందుకు జరపమన్నావు?” అని మెల్లగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చివరికి కోర్సును డిగ్రీన్నర తిప్పి, ఎనిమిది మీటర్లు ఉత్తరానికి జరిపాం. పొడుచుకొచ్చిన గట్టును జేసీబీతో ఆరు మీటర్లు వెనక్కి కోశాం. నిలువుగా కోస్తే పడవ లేపిన అలలు గోడకు తగిలి తిరిగి కోర్సులోకి వస్తాయి. అందుకే పల్లంగా చెక్కి కంకర పరిచాం. ఆ మట్టి, మిట్ట తీసిన మట్టి, మొత్తం ఒక చివర దిబ్బగా పోశాం. పడవ ఆ దిబ్బ చుట్టూ తిరిగితే దాని అలలు అక్కడే చచ్చిపోతాయి. బంతులు మాత్రం 11.5 దగ్గరే ఉన్నాయి.

ఊరికి వచ్చిన రెండో రోజు ఇదంతా పెద్దనాయనకు చెప్పాను. ఆయన నలభై ఏళ్ళు మా చెరువుకు నీరుగట్టి. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు వదలాలి, అంతా ఆయన నోటి మీదే నడిచేది. నీళ్ళు తక్కువైన ఏడాది వంతులు ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు. అడ్జస్ట్ అనే మాటకు ఊళ్ళో ఆయనే పెద్ద సాక్షి, నా పక్కనే మాట్లాడతాడనుకున్నాను.

అంతా విని, “వంతులు మార్చినాను గానీ అలుగు రాయి ఎప్పుడన్నా ముట్టుకున్యానా?” అన్నాడు.

నాకు చిన్నప్పటి సంగతి గుర్తుంది. ఒక ఏడాది కొందరు ఇంకో జానెడు నీళ్ళు నిలుపుకుందామని రాత్రికి రాత్రి అలుగు మీద, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే రాతికట్టు మీద, ఇసుక మూటలు పేర్చారు. పెద్దనాయన తెల్లారకముందే ఒక్కడే పోయి అన్నీ లాగేశాడు. సొంత తమ్ముడి, అంటే మా నాయన మూటలు కూడా అందులో ఉన్నాయి. ఇద్దరూ ఏడాది మాట్లాడుకోలేదు. అలుగు జానెడు లేస్తే పైన వాళ్ళ చేలు మునుగుతాయి, కట్ట మీద బరువు పడుతుంది.

“తూము కాడ ఎంతైనా సర్దుకోవచ్చు. అలుగు కాడ సర్దుకుంటే చెరువు పోతాది. ఆ యమ్మ తప్పేమీ అన్లేదు” అన్నాడు. తర్వాత ఫోన్లో ఫోటోలు చూపించమన్నాడు. నీళ్ళు, ఎర్ర బంతులు, పడవ, అన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చానా సేపు వెతికాడు.

“తూము యాడుండాది?”

“లేదు పెద్దనాయనా.”

“మరి ఈ నీళ్ళు యాడికి పోతాయి?”

“యాడికీ పోవు.”

ఫోను నా చేతికి ఇచ్చేసి చాలాసేపు మా చెరువు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇది జూన్, అడుగున కాస్త బురద నీళ్ళున్నాయి, బర్రెలు పడుకున్నాయి. నాకు ఆయన మీద, ఆ చెరువు మీద, దూరంగా ఆ గట్టున స్కీ పలక తుడుచుకునే ఆ పెద్దావిడ మీద ఒకేసారి ప్రేమ పుట్టుకొచ్చింది.

నిన్న బద్వేలులో ఒక స్నేహితుడి దగ్గర ఎత్తుపల్లాలు చూసే ఆటో లెవెల్ అడిగి తెచ్చాను. అలుగు ఎండిపోయి ఉంది కాబట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి రాయి మీదా స్టాఫ్, అంటే కొలత కర్ర, పెట్టి చూశాను. ఎడమ చివర నాలుగు సెంటీమీటర్లు కుంగింది. కాగితం మీద గీత గీసి పెద్దనాయనకు చూపించాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. “తెలుసురా. చెరువు నిండిన నాడు ముందుగా ఆ పక్కనే తడుస్తాది” అన్నాడు. “ఆఫీసు వాళ్ళకు ఇచ్చేదానికి ఒక అర్జీ రాయి. నాలుగు సెంటీమీటర్లని బాగా కనపడేట్టు రాయి.”