కోవిడ్ పాజిటివ్ వచ్చాక మావయ్యగారికి మలేరియా పరీక్ష చేయించాం

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. 2021 మే నెలాఖర్లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, మావయ్యగారికి జ్వరం వచ్చింది. యాంటిజెన్ పరీక్షలో కోవిడ్ అని తేలింది. ఆక్సిజన్ బాగానే ఉంది, ఇంట్లోనే విడిగా ఉంచమన్నారు. వీధి గది ఖాళీ చేసి మంచం వేశాం.

ఆ రోజుల్లో జ్వరమన్న మాట ఎవరూ పైకి చెప్పేవాళ్లు కాదు. ఎక్కడికో తీసుకెళ్లిపోతారని భయం. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ వీధిలోకి వస్తుంటే తలుపులు వేసుకున్న ఇళ్లున్నాయి. మామూలు రోజుల్లో మా వైపు ఒళ్లు వెచ్చబడితే ముందు మలేరియా పరీక్షే. ఆ యేడు మాత్రం అందరి నోటా కోవిడే.

మావయ్యగారి జ్వరం తీరు చూస్తే నాకు అనుమానం వచ్చింది. మంచం కదిలేంత వణుకు, తర్వాత ఒళ్లు కాలిపోవడం, ఆపైన దుప్పటి తడిసేలా చెమటలు. ఒకసారి వణుకు మధ్యలో ఆక్సీమీటర్ పెడితే 88 చూపించింది. మా ఆయన అంబులెన్స్‌కి ఫోన్ తీశారు. నేను దీదీకి చేశాను. "వేళ్లు చల్లగా ఉన్నాయేమో చూడమ్మా, రక్తం సరిగా ఆడకపోతే అది తప్పు చూపిస్తుంది" అంది. నిజంగానే వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. చేతులు రుద్ది, వెచ్చబడ్డాక మళ్లీ పెడితే 96.

ఊళ్లో మందులిచ్చే ఒకాయన అప్పటికే స్టెరాయిడ్ మాత్రలు, ఒళ్లునొప్పులకి బ్రూఫెన్ ఇచ్చి వెళ్లాడు. రెండూ పక్కన పెట్టేశాను. స్టెరాయిడ్ ఆక్సిజన్ పడిపోయినవాళ్లకి పనికొచ్చే మందు. బ్రూఫెన్ సంగతి చెప్పాలంటే, డెంగ్యూ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప మరోటి వేయకూడదు, రక్తస్రావం ప్రమాదం.

"కోవిడని చెప్పేశారు కదా, మళ్లీ సూది గుచ్చడమెందుకే" అన్నారు అత్తయ్యగారు. ఒక జబ్బు ఉందని తేలినంత మాత్రాన రెండోది లేదని కాదు కదా అత్తయ్యా అన్నాను. దీదీ మాస్కు, షీల్డు, చేతి తొడుగులతో వచ్చి మావయ్యగారిని వరండాలో కూర్చోబెట్టింది. వేలు గుచ్చి బొట్టు నెత్తురు కిట్టు గుంటలో వేసింది, రెండో గుంటలో మందు చుక్కలు. గులాబీ రంగు మెల్లగా పాకింది. ముందు కిట్టు సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత, కాసేపటికి దాని పక్కనే సన్నగా ఇంకోటి. ఫాల్సిపారం మలేరియా. ముదిరితే మెదడుకెక్కే రకం.

తెల్ల అట్టలో ఏసీటీ అనే మలేరియా మాత్రలు మూడు రోజులు, రెండో రోజు ప్రైమాక్విన్. ఖాళీ కడుపున వద్దంది, మొదటి మోతాదు తన ఎదుటే వేయించింది. మగత, ఫిట్స్, ఆయాసం, నల్లటి మూత్రం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమంది.

అసలు తంటా కిటికీలతో వచ్చింది. కోవిడ్‌కి గాలి ఆడాలి, తెరవమన్నారు. సందెవేళ తెరిస్తే దోమలు. మూసి పొగ వేద్దామంటే దగ్గు మనిషికి అది ఇంకా హాని. చివరికి కిటికీలు తెరిచే ఉంచి, సర్కారు ఇచ్చిన, దోమల మందు పట్టించిన దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపాం. ఆయన్ని కుట్టిన దోమ లోపలి గదిలోకి రాదని ఏముంది? మనుషుల్ని దూరం పెట్టి దోమని వదిలేస్తే ఏం లాభం? డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కాబట్టి పగలు కూడా తెర తీయలేదు. ఆ భయంలో కనబడిందల్లా బ్లీచింగ్‌లో ముంచుతున్నారు జనం. ఆ తెరని అలా ఉతికితే మందు పాడవుతుంది. చన్నీళ్లలో మామూలు సబ్బుతో జాడించి నీడన ఆరేయాలి. చేతులు కడగడానికి గుమ్మం దగ్గర పెట్టిన డ్రమ్ముకి మూత పెట్టాం, వారానికోసారి లోపల తోమేవాళ్లం.

మా జిల్లాల్లో కోవిడ్ కాగితం చేతికిచ్చేటప్పుడే మలేరియా పరీక్ష కూడా అయిపోవాలి. ఎవరో ఒకరు పట్టుబట్టి అడిగితే గానీ జరగని పనిగా ఉండకూడదు.

కోర్సు పూర్తయ్యాక దీదీ మళ్లీ వచ్చింది. 2017 నుంచి ఒడిశాలో దమన్ అనే కార్యక్రమం కింద మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకీ మలేరియా పరీక్ష చేస్తున్నారు. అదే పద్ధతిలో మా ఇంటిల్లిపాదికీ చేయమని అడిగాను. పెద్దవాళ్లెవరికీ లేదు. ఒంట్లో వెచ్చదనమే లేని, పొద్దంతా పెరట్లో పరిగెత్తే మా ఆరేళ్లవాడికి రెండో గీత వచ్చింది. వాడి వయసుకి ఆకుపచ్చ అట్ట. మాత్ర పొడి చేసి బెల్లంలో కలిపి, మూడు రోజులూ దగ్గర కూర్చుని మింగించాను.