పక్క ప్లాటులో జిల్లేడు

సాగర్ నగర్‌లో మా పక్క ప్లాటు ఖాళీగానే ఉంటుంది. ఇసుక నేల, ఉప్పుగాలి, నీళ్లు పోసేవాళ్లు లేరు. అయినా జిల్లేళ్లు నడుమెత్తు పెరిగి లేత ఊదారంగు పూలు పూస్తూనే ఉంటాయి. ప్లాటు చదును చేయిస్తామని ఓనరుగారు వస్తే, గోడవారనున్న మొక్కలైనా వదిలేయమని అడిగాను. "పిచ్చిమొక్కలే కదమ్మా!" అన్నారు. నిలబడ్డ కాసేపట్లో ఆయనకు చెప్పగలిగింది కొంచెమే, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తుమ్మెద సంగతి. నిగనిగలాడే నల్ల తుమ్మెద జుమ్మని వచ్చి పువ్వు నడిమి కిరీటం మీద వాలుతుంది. జిల్లేడు పుప్పొడి పొడిలా రాలదు. రెండేసి చిన్న మైనపు సంచుల్లో ఉంటుంది, ఆ రెంటినీ కలుపుతూ ఒక కొక్కెం. తేనె తాగే హడావుడిలో తుమ్మెద కాలు అక్కడి సన్నటి చీలికలోకి జారుతుంది. గట్టిగా లాక్కుంటే ఆ జత కావడిలా కాలికి తగులుకుని వచ్చేస్తుంది. ఇంకో పువ్వు చీలికలో ఆ సంచి సరిగ్గా దిగబడితేనే కాయ. గుత్తి నిండా పూలున్నా కాయలు అంత తక్కువ ఉండేది ఇందుకే.

ఇప్పుడు ఆకు వెనక్కి తిప్పండి. తెల్లటి గుడ్డు, ఒక్కోచోట ఒక్కటే. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుకది. దాని గొంగళిపురుగుకు నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి మీసాలు. ముందు ఈనె కొరికి పాల ధార తగ్గించుకుని, ఆ తర్వాతే ఆకు తింటుంది. ఆ పాలలో గుండెను దెబ్బతీసే విషముంది. పురుగు దాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది, రెక్కలొచ్చాకా అది పోదు. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి రాదు. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతిలో ఆడది అచ్చం ఇదే వేషంతో తిరుగుతుంది. దాని పురుగు తినేది గంగపాయల కూర, ఒంట్లో ఈ విషం ఉండదు. అయినా పిట్టలు దాన్నీ వదిలేస్తాయి!

రథసప్తమికి ఈ ఆకులే తలమీద పెట్టుకుని స్నానం చేస్తాం. చవితి పత్రిలోకీ కావాలి. ఆ మర్నాటి నుంచి పిచ్చిమొక్క అనడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పిల్లలకు చూపించేటప్పుడు ఆకు తుంచనివ్వకండి. పాలు కంట్లో పడితే ప్రమాదం. ప్లాటు శుభ్రం చేయక తప్పదంటే మొదలు ఉంచి కొట్టించండి, మళ్లీ చిగురిస్తుంది. గడ్డిమందు మాత్రం కొట్టించకండి.