మొహావే దారుల్లో ఒక్కొక్క మనిషి కట్టిన వింతలు

లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగస్‌కు కారులో వెళ్ళేవారిలో చాలామందికి మధ్యలో వచ్చే మొహావే ఎడారి నాలుగైదు గంటలు ఓర్చుకోవలసిన దూరం మాత్రమే. డెత్ వ్యాలీకి ప్రత్యేకంగా వెళ్ళినవారు కూడా బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం, జబ్రిస్కీ పాయింట్, మెస్కీట్ ఇసుక తిన్నెలు చూసి, ఫోటోలు తీసుకొని వెనుదిరుగుతారు. అవి గొప్ప దృశ్యాలే, చూడవలసినవే. కానీ దక్షిణ కాలిఫోర్నియా నుంచి నెవాడా అంచు దాకా పరుచుకున్న ఈ ఎండ దేశానికి నన్ను పదే పదే రప్పించినవి వేరు. ఎవరూ అడగకపోయినా, చూసేవారు వస్తారన్న హామీ లేకపోయినా, నీడలేని బయలులో ఒక్కొక్క మనిషి ఏళ్ళ తరబడి నిలిచి చేసిన పనులు ఇక్కడ ఉన్నన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. వాటిని రోడ్డు పక్కన కనిపించే తమాషాలుగా చూసి పది నిమిషాల్లో కదిలిపోవడం అన్యాయమని నా నమ్మకం. చేసిన మనిషి ఎవరో, ఎందుకు చేశాడో కొంత తెలుసుకొని వెళితే అదే చోటు పూర్తిగా వేరుగా కనిపిస్తుంది.

ముందుగా దక్షిణాన నైలాండ్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న సాల్వేషన్ మౌంటెన్ అనే, చేతులతో కట్టి రంగులు పూసిన కొండ గురించి చెప్పాలి. వెర్మాంట్‌లో 1931లో పుట్టిన లియొనార్డ్ నైట్ అనే మనిషి 1984లో ఇక్కడికి వచ్చాడు. అంతకుముందు కొన్నేళ్ళపాటు, దేవుడు ప్రేమస్వరూపుడు అన్న మాట రాసిన పెద్ద వేడిగాలి బెలూన్‌ను ఎగరేయాలని చేతులతో కుడుతూ వచ్చాడు. అది ఎగరలేదు, చివరికి గుడ్డ చివికిపోయింది. వెళ్ళిపోయే ముందు చిన్న గుర్తు ఒకటి వదిలి వెళ్దామని సిమెంటుతో పని మొదలుపెట్టి, ఇక కదలలేదు. ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ కలిపి కట్టిన ఆ మొదటి కొండ 1989లో కుప్పకూలింది. ఎవరికీ దెబ్బ తగలకుండా కూలిందని సంతోషించి, ఈసారి బంకమట్టిలో గడ్డి కలిపి మళ్ళీ మొదటి నుంచి కట్టడం ప్రారంభించాడు. కరెంటు, కుళాయి లేని ఒక పాత ట్రక్కులో, ఆ కొండ పాదం దగ్గరే దాదాపు మూడు దశాబ్దాలు కాపురమున్నాడు. వచ్చిపోయేవారు తెచ్చిచ్చిన రంగు డబ్బాలతోనే పొర మీద పొర వేశాడు. 1994లో స్థానిక అధికారులు ఆ రంగుల వల్ల నేల విషపూరితమైందని కొండను తొలగించబోతే, అభిమానులు వేరుగా మట్టి పరీక్షలు చేయించి దాన్ని కాపాడుకున్నారు. 2002లో సెనేటర్ బార్బరా బాక్సర్ దాన్ని జాతీయ సంపదగా అమెరికా కాంగ్రెస్ రికార్డులో నమోదు చేయించారు. నైట్ 2014లో మరణించాడు.

దగ్గరికి వెళ్ళినప్పుడు ఎదురుగా ఉన్న పెద్ద అక్షరాలను మాత్రమే చూసి తిరగకండి. కుడివైపున, గడ్డి మోపులు, పాత టైర్లు, మట్టి కలిపి చెట్ల మానుల్లా నిలబెట్టిన స్తంభాల మధ్య ఒక గుహవంటి గది ఉంది. ఆ గోడల్లో పాత కార్ల అద్దాలను కిటికీలుగా పొదిగాడు. మట్టి మీద వేసిన పూలను దగ్గర నుంచి చూస్తే, తడి మట్టిలో పిడికిలి గుద్ది చేసిన గుంట మధ్యభాగమని, దాని చుట్టూ వేళ్ళతో లాగినవి రేకులని తెలుస్తుంది. ఆ పిడికిలి గుర్తు ముందు నిలబడినప్పుడు, మతంతో సంబంధం ఉన్నా లేకపోయినా, ఒక మనిషి శ్రద్ధ ఎంత బరువైనదో చేతికి అందినట్టుంటుంది. కొండ ఇంకా మట్టిదే కనుక సంరక్షకులు అనుమతించిన చోటనే అడుగు వేయాలి.

అక్కడి నుంచి ఉత్తరంగా సాల్టన్ సీ ఒడ్డున బాంబే బీచ్ ఉంది. ఈ సరస్సు పుట్టుకే ఒక ప్రమాదం. 1905లో కొలరాడో నది వరద ఒక సాగునీటి కాలువను తెంచుకొని, సముద్రమట్టానికి దిగువన ఉన్న ఈ పల్లంలోకి మళ్ళింది. 1907లో గండి పూడ్చేదాకా నది ఇటే పారింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఇది విహారస్థలంగా వెలిగింది. తర్వాత నీరు తగ్గుతూ, ఉప్పు పెరుగుతూ చేపలు గుట్టలుగా చచ్చిపోవడంతో జనం తరలిపోయారు. ఒడ్డున ఇసుకలా కనిపించేదాన్ని గుప్పిట్లోకి తీసుకుంటే అది ఇసుక కాదు, అత్యధికభాగం బార్నకిల్ అనే చిన్న నీటిజీవుల గుల్లలు, చేపల ఎముకల ముక్కలు; నడుస్తుంటే కాలి కింద పటపట విరుగుతాయి. 2016 నుంచి కళాకారులు ఇక్కడ బియన్నాలే పేరిట ఉత్సవం జరుపుతూ, పాడుబడిన ఇళ్ళ మధ్యా, ఎండిన ఒడ్డు మీదా తమ నిర్మాణాలను వదిలి వెళ్తున్నారు. తుప్పు పట్టిన పాత కార్లను వరుసలుగా తెర వైపు తిప్పి నిలబెట్టిన డ్రైవ్-ఇన్ సినిమాహాలు వాటిలో అందరూ ఆగి చూసేది. ఇక్కడ ఇంకా మనుషులు కాపురముంటున్నారన్న సంగతి మరచి ప్రతి వాకిట్లోకీ కెమెరా పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

సరస్సుకు పడమరగా వెళితే బొరెగో స్ప్రింగ్స్ చుట్టూ బయళ్ళలో రికార్డో బ్రెసెడా ఇనుప శిల్పాలు వందకు పైగా చెల్లాచెదురుగా ఉన్నాయి. డెనిస్ ఏవరీ అనే భూస్వామి, ఒకప్పుడు ఈ నేల మీద తిరిగిన ఏనుగుజాతి జంతువులను, ఒంటెలను, గుర్రాలను ఇనుముతో మళ్ళీ నిలబెట్టమని ఆయనను కోరాడు. అందరూ వెతుక్కుంటూ వెళ్ళేది మాత్రం 350 అడుగుల పాము. దాని వంపులు రోడ్డుకు ఒకవైపు నేలలో మునిగి రెండోవైపు తేలతాయి. ప్రవేశ రుసుము లేదు, కంచె లేదు. ఉదయపు ఏటవాలు ఎండలో చూడండి, పొలుసులు ఒక్కొక్కటి విడిగా కనిపిస్తాయి.

జాషువా ట్రీ ఊరికి ఉత్తరాన, మట్టిరోడ్డు చివర ఉన్న నోవా ప్యూరిఫాయ్ ఆరుబయలు మ్యూజియాన్ని ఈ మొత్తం దారిలో అన్నిటికంటే గొప్పదని నేను భావిస్తాను. 1917లో అలబామాలో పుట్టిన ప్యూరిఫాయ్ లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ టవర్స్ కళాకేంద్రం స్థాపకుల్లో ఒకరు. 1965 అల్లర్లలో ఆ నగరంలోని వాట్స్ ప్రాంతం తగలబడినప్పుడు, ఆ బూడిదలో మిగిలిన చెక్కలు, కరిగిన నియాన్ గొట్టాలు ఏరి తోటి కళాకారులతో కలిసి శిల్పాలు చేశారు. నగరంలో ఖర్చు భరించలేక 1989లో, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, ఇక్కడికి వచ్చి 2004లో మరణించేదాకా పది ఎకరాల నేలను పారేసిన వస్తువులతో నింపారు. ఫలహారశాల పళ్ళేలు, వ్యాక్యూమ్ క్లీనర్లు, టైర్లు, టాయిలెట్ గిన్నెలు, కాలిన దుంగలు, ఏదీ వదలలేదు. ఒకచోట గోడకు ఒకవైపు తెల్లవారికి అని రాసిన తాగునీటి కుళాయి, దాని పక్కనే నల్లవారికి అని రాసిన టాయిలెట్ గిన్నె ఉంటాయి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి ఎనభై దాటిన వయసులో చేసిన ఆ పని ముందు ఎవరూ మాట్లాడరు. ఎండ, గాలి తన పనులను కొరుక్కు తినడం కూడా రచనలో భాగమేనని ఆయన భావించేవారు కనుక, పెచ్చులూడిన చెక్కను చూసి నిర్లక్ష్యమని అనుకోనక్కరలేదు. కనీసం రెండు గంటలు కేటాయించండి. ఉదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు.

దగ్గరలోని లాండర్స్‌లో ఉన్న ఇంటెగ్రట్రాన్ నాకు అంతగా పట్టలేదు. జార్జ్ వాన్ టాసెల్ అనే విమానరంగ ఉద్యోగి, గ్రహాంతరవాసులు తనకు చెప్పిన పద్ధతిలో మనిషి వయసును వెనక్కి తిప్పే యంత్రంగా దీన్ని కడుతున్నానన్నాడు. 1978లో ఆయన మరణించేనాటికి పని పూర్తి కాలేదు. 38 అడుగుల ఎత్తున్న ఆ తెల్లని చెక్క గోపురంలో ధ్వని ప్రతిధ్వనించే తీరు మాత్రం అద్భుతం. స్ఫటిక గిన్నెలు మోగించే ధ్వనిస్నానానికి ముందే బుక్ చేసుకోవాలి.

ఉత్తరంగా మొహావే నేషనల్ ప్రిజర్వ్ మీదుగా వెళ్ళేటప్పుడు కెల్సో తిన్నెలు ఎక్కడం మరవకండి. చుట్టూ ఉన్న నేల మీద సుమారు 650 అడుగులు లేచిన ఈ ఇసుక, పొడిగా ఉన్నప్పుడు ఏటవాలు నుంచి జారితే మోగుతుంది. గుండ్రటి, ఒకే పరిమాణపు రేణువులు కలిసి జారుతూ ఒకే తాళంలో కంపించడమే ఆ గంభీరమైన హోరుకు కారణం. అది చెవికంటే ముందు శరీరానికి తెలుస్తుంది. వాన పడిన మర్నాడు మాత్రం ఎంత జారినా ఇసుక పలకదు. దారిలో బేకర్ ఊళ్ళో 134 అడుగుల థర్మామీటర్ ఉంది. డెత్ వ్యాలీలో 1913 జూలై 10న నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు గుర్తుగా 1991లో దాన్ని నిలబెట్టారు. కారులోంచి చూస్తే సరిపోతుంది.

డెత్ వ్యాలీ జంక్షన్‌లోని అమర్గోసా ఆపెరా హౌస్ దగ్గర మాత్రం దిగాలి, లోపలికి వెళ్ళాలి. బోరాక్స్ గనుల కంపెనీ 1920లలో తన ఉద్యోగుల కోసం కట్టిన భవనాల్లో ఒక హాలు అది. న్యూయార్క్ నర్తకి మార్తా బెకెట్ 1967లో ఈ దారిన పోతుండగా టైరు పంక్చరై ఇక్కడ ఆగింది. భర్త టైరు సంగతి చూస్తుండగా, పాడుబడిన ఆ హాలు తలుపు రంధ్రంలోంచి లోపలికి తొంగి చూసి, ఇదే తన రంగస్థలమని నిశ్చయించుకొంది. మరుసటి ఏడాది ప్రదర్శనలు మొదలుపెట్టింది. ప్రేక్షకులు కొద్దిమందే, కొన్ని రాత్రులు ఎవరూ రాలేదు. అయినా తెర లేపింది, నాట్యం చేసింది. అప్పుడు ఆమె గోడల మీద ప్రేక్షకులను చిత్రించడం ప్రారంభించింది. దాదాపు నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో రాజు, రాణి. చుట్టూ స్పానిష్ ప్రభువులు, సన్యాసినులు, ఎద్దులతో పోరాడే వీరులు, ఒకరితో ఒకరు గుసగుసలాడుతున్న స్త్రీలు. ఆ తర్వాత తలెత్తి చూసేవారి కోసం పైకప్పును కూడా మేఘాలతో, పావురాలతో నింపింది. వేదిక మీద నిలబడి హాలు వైపు తిరిగితే, నర్తకి రోజూ చూసిన దృశ్యం మనకు ఎదురవుతుంది: ఖాళీ కుర్చీల పైన నిండుగా కూర్చున్న సభ, అందరి కళ్ళూ మన మీదే. ఆమె 2012 వరకు వేదిక మీద కనిపించింది, 2017లో 92 ఏళ్ళ వయసులో మరణించింది.

గంట దూరంలో, నెవాడాలోని బీటీ ఊరికి దగ్గరగా రయొలైట్ ఉంది. 1904లో బంగారం దొరికి పుట్టిన పట్టణమిది; మూడంతస్తుల బ్యాంకు, రైల్వేస్టేషన్ కట్టుకొని, పదిహేనేళ్ళు తిరక్కముందే దాదాపు ఖాళీ అయిపోయింది. చెక్క దొరకని చోట టామ్ కెల్లీ 1906లో దాదాపు 50,000 సీసాలతో కట్టుకొన్న ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. ఊరి మొదట్లోనే బెల్జియం శిల్పి ఆల్బర్ట్ షుకాల్‌స్కీ 1984లో చేసిన, క్రీస్తు చివరి విందును చూపే శిల్పసమూహం కనిపిస్తుంది. ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డను మనుషుల మీద కప్పి, అది గట్టిపడేదాకా నిలబెట్టి, తర్వాత మనుషులను బయటికి తీసి మిగిల్చిన తెల్లని ఖాళీ ఆకారాలు అవి. ముసుగుల్లో ముఖాలు లేవు. వెనక్కి వెళ్ళి చూస్తే లోపల గుల్లతనం, గోనె నేత అచ్చు కనిపిస్తాయి. బంగారం కోసం వచ్చి వెళ్ళిపోయిన ఊరి ముంగిట ఆ ఖాళీ దుస్తులకంటే తగిన శిల్పం ఇంకొకటి ఊహించలేను.

మనిషి చేయని వింత ఒక్కటి ఈ దారిలో తప్పక చేర్చాలి: డెత్ వ్యాలీ వాయవ్యాన రేస్‌ట్రాక్ ప్లాయా. ఎండిన సరస్సు నేల మీద రాళ్ళు, కొన్ని వందల కిలోల బరువున్నవి కూడా, తమ వెనుక పొడవైన చాళ్ళు వదిలి కదిలాయి. చాలాకాలం ఎవరూ వాటి కదలికను చూడలేదు. 2013 డిసెంబరులో పరిశోధకులు రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అక్కడ ఉండగా రాళ్ళు వారి కళ్ళముందే కదిలాయి; ఆ వివరాలు మరుసటి ఏడాది ప్రచురితమయ్యాయి. వాన నీరు పలచగా నిలిచి, రాత్రి చలికి కొన్ని మిల్లీమీటర్ల మందాన మంచు పలకగా గడ్డకట్టి, ఎండకు పగిలి, మామూలు గాలికే ఆ పలకలు తేలుతూ రాళ్ళను నిమిషానికి కొన్ని మీటర్ల చొప్పున తోస్తాయి. తుపాను గాలి అవసరం లేదు. ఒక చాలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూడండి: రెండు అంచుల్లోనూ తోసుకుపోయిన బురద సన్నని గట్టుగా ఆరి ఉంటుంది, రాయి దిశ మార్చుకున్న చోట ఆ గట్టు కూడా వంగుతుంది. నేల తడిగా ఉంటే మాత్రం అడుగు పెట్టకండి. ఆ బురదలో పడిన కాలిముద్ర ఏళ్ళపాటు చెరగదు. రాళ్ళను ఎత్తుకుపోయినవారు ఉన్నారని తలచుకుంటేనే కోపం వస్తుంది.

అక్కడికి చేర్చే 27 మైళ్ళ కంకర రోడ్డు పదునైన రాళ్ళతో టైర్లను చీలుస్తుంది. నేల నుంచి ఎత్తుగా ఉండే, నాలుగు చక్రాల పట్టున్న వాహనం, నిండుగా గాలి పట్టిన స్పేర్ టైరు లేకుండా వెళ్ళవద్దు. మామూలు అద్దె కారు ఒప్పందాలు మట్టిరోడ్లను సాధారణంగా అనుమతించవు, సంతకం పెట్టే ముందు చదవండి. మొత్తం ప్రాంతంలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కనుక మ్యాపులను ముందే దించుకోవాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరు కారులో ఉండాలి, పెట్రోలు సగానికి తగ్గకముందే నింపుకోవాలి. నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. వేసవిలో ఈ ఆరుబయలు చోట్లలో తిరగడం ప్రాణాపాయం. వేసవి చివర హఠాత్తుగా వచ్చే వరదలు రోడ్లను కోసుకుపోతాయి, బయలుదేరే రోజున రోడ్ల స్థితి చూసుకోవాలి.

అన్నీ చూడటానికి వ్యవధి లేనివారు దక్షిణ, ఉత్తర భాగాలను కలిపి పరుగెత్తవద్దు. మూడు రోజులుంటే సాల్వేషన్ మౌంటెన్, బాంబే బీచ్, బొరెగో స్ప్రింగ్స్, ప్యూరిఫాయ్ మ్యూజియం ఒక యాత్రగా పెట్టుకోండి. ఒక్క రోజే ఉంటే, లాస్ వేగస్ నుంచి ఉదయాన్నే బయలుదేరి అమర్గోసా, రయొలైట్ చూసి రాత్రికి తిరిగి చేరవచ్చు. ఆపెరా హౌస్ లోపలికి తీసుకెళ్ళే వేళలు మారుతుంటాయి కాబట్టి ముందుగా కనుక్కొని, మిగతా రోజును దాని చుట్టూ అమర్చుకోండి.